అయ్యగారి చెవి

పాస్టరుగారి భార్యకు స్నేహితురాళ్లు ఉండకూడదని ఏ పుస్తకంలోనూ రాసి లేదు. అయినా ఉండరు. ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద ఒకరితో నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడితే మిగతావాళ్ల మొహాలు ముడుచుకుంటాయి. ఒకరింటికి టీకి వెళ్తే పక్కింటికీ వెళ్లాలి, పక్కింటికి వెళ్తే ఎదురింటికీ వెళ్లాలి, అలా తిరుగుతూ కూర్చుంటే ఇంట్లో పొయ్యి వెలిగించేదెవరు? అందుకని మన అమ్మగారు ఎవరింటికీ వెళ్లడం మానేసింది. ఆ లూథరన్ సంఘంలో చిన్నాపెద్దా అందరూ ఆవిడని అమ్మగారూ అనే పిలిచేవారు, పళ్లూడిన ముసలమ్మలతో సహా. అందరికీ అమ్మగారే. ఎవరికీ అక్క కాదు, వదిన కాదు, ఒసేయ్ అని పిలిచే దిక్కు లేదు.

ఒక్కతి ఉండేది, అక్కా అని పిలవడానికి. సొంత చెల్లెలు. ఆసుపత్రిలో నర్సు. పెళ్లీ గిళ్లీ వద్దని, అక్కాబావల దగ్గరే వెనక గదిలో ఉండిపోయింది. రాత్రి డ్యూటీ చేసి పొద్దున్నే వచ్చి, బూట్లైనా విప్పకుండా వంటింటి గట్టెక్కి కూర్చునేది. ఏ డాక్టరు ఏ నర్సుని ఏమన్నాడో, ఏ రోగి మందు మింగినట్టు నటించి పూలకుండీలో ఉమ్మాడో, అన్నీ అభినయించి చూపించేది. అమ్మగారు పొట్ట పట్టుకుని నవ్వేది. బావని ఆట పట్టించడమైతే ఆ పిల్లకి వెన్నతో పెట్టిన విద్య. "బావగారూ, మా వార్డులో నిద్రపట్టని వాళ్లందర్నీ రేపు మీ ప్రసంగానికి పంపిస్తున్నా, దిండ్లు కూడా వాళ్లే తెచ్చుకుంటారు" అనేది. అయ్యగారు నవ్వేవాడు. ఆ రోజుల్లో ఆయన ఇంట్లో కూడా నవ్వేవాడు.

ఆ చెల్లెలు పోయింది. మామూలు జ్వరమే అనుకున్నారు. కాదని తెలిసేసరికి చెయ్యి దాటిపోయింది. తను పనిచేసిన వార్డులోనే, తను దుప్పట్లు మార్చిన మంచం మీదే కన్ను మూసింది.

ఇక సమాధి కార్యక్రమం. ఆ సంఘానికి పాస్టరు ఈయనొక్కడే. ఆ ఒక్కరోజుకీ పక్క సంఘం నుంచి ఇంకో పాస్టరును పిలిపిద్దామని పెద్దలెవరికీ తోచలేదు. ఆయనకీ తోచలేదు. చర్చి అన్నాక పాస్టరు చెయ్యాలి, పాస్టరన్నాక తను చెయ్యాలి, అంతే ఆయన లెక్క. తెల్ల అంగీ వేసుకుని, నల్ల పుస్తకం పట్టుకుని, గోతికి తలవైపు వెళ్లి నిలబడ్డాడు. అమ్మగారు పక్కవైపు, ముందు వరసలో నిలబడింది. ఆవిడ పక్కన మనిషి పట్టేంత జాగా ఖాళీగా ఉంది. ఆ జాగాలోకి ఎవరూ రాలేదు. అది అయ్యగారి చోటు కదా అని మర్యాదకి వదిలేశారు. ఏం మర్యాదో! అంతమంది జనంలో ఆవిడ చెయ్యి పట్టుకున్న మనిషి లేదు.

"మన యీ సహోదరిని" అని చదివాడు అయ్యగారు, పుస్తకంలో ఉన్నట్టే. రొట్టెల దుకాణం వాడి అత్తగారిని పూడ్చినప్పుడూ అదే మాట, ఎవరో దారిన పోయే మనిషి చర్చి గోడ పక్కన చనిపోతే తీసుకొచ్చి పూడ్చినప్పుడూ అదే మాట. పేరు చెప్పాల్సిన చోట పేరు చెప్పి ముందుకి వెళ్లిపోయాడు. మా మరదలు అనలేదు. గొంతు ఎక్కడా తడబడలేదు. మట్టి వెయ్యాల్సిన చోట మట్టి వేశాడు, ఆశీర్వాదం ఇవ్వాల్సిన చోట ఇచ్చాడు.

అంతా అయ్యాక పాటలు నేర్పే టీచరమ్మ అమ్మగారి దగ్గరికి వచ్చి కళ్లు ఒత్తుకుంది. "ఏం విశ్వాసం అమ్మగారూ అయ్యగారిది. సొంత మరదలైనా గొంతు చెక్కుచెదరలేదు. మాకు మంచి సాక్ష్యం" అంది. "అవునండీ" అంది అమ్మగారు. ఆ అవునండీ మాత్రం ఆవిడ గొంతులో ముల్లులా ఇరుక్కుపోయింది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు.

ఆవిడకి కావలసింది పెద్ద కోరికేమీ కాదు. ఆ రోజు గోతి దగ్గర తనకి ఏమనిపించిందో మొగుడికి చెప్పాలి, ఆయన విని, మొగుడిలా ఒక్క మాట అనాలి. అంతే. అది మాత్రం కుదిరి చావలేదు. ఇంట్లో ఆయనతో మాట్లాడడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. ఎదురుగా కూర్చుంటాడు, ఊఁ అంటాడు, మనసు వచ్చే ఆదివారం ప్రసంగంలో ఉంటుంది. ఒకసారి గుండె చిక్కబట్టుకుని, "ఏమండీ, ఆ రోజు శ్మశానంలో" అని మొదలుపెట్టింది. ఫోను మోగింది. ఎవరి తండ్రికో గుండెనొప్పి. కోటు తగిలించుకుని వెళ్లిపోయాడు. ఇంకోసారి మొదలుపెడితే, సగం విని ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. "ఆమె ప్రభువు సన్నిధిలో ఉంది, నువ్వు నెమ్మది పొందు" అన్నాడు. గోతి దగ్గర వాడిన గొంతే అది. ఆ గొంతు వినగానే ఆవిడకి ఒళ్లు మండిపోయింది. లేచి వెళ్లి గిన్నెలు తోముకుంది, అప్పటికే తోమిన గిన్నెలు.

ఆ తర్వాత ఆవిడ నోరు మూసుకుంది. ఆ ఇల్లు ఎలా ఉండేదంటే, వెనక గది తలుపు వేసి ఉండేది, ముందు గదిలో ఆయన రాసుకుంటూ ఉండేవాడు, మధ్య వంటింట్లో ఈవిడ. పొద్దున్నే వంటింటి గట్టు తుడుస్తుంటే, అక్కడ కూర్చుని కాళ్లూపే మనిషి లేదని రోజూ కొత్తగా తెలిసేది. తుడిచిన గట్టునే మళ్లీ తుడిచేది. వాకిట్లో సంఘస్థులెవరైనా కనిపిస్తే నవ్వేది. నవ్వడం ఆవిడ ఉద్యోగం, జీతం లేని ఉద్యోగం.

ఇక్కడ శనివారం సంగతి చెప్పాలి. ఆ సంఘంలో పాతకాలం నుంచీ ఒక ఏర్పాటు ఉంది. శనివారం సాయంత్రం ఒక గంటసేపు పాస్టరుగారు బలిపీఠం వెనక చిన్న గదిలో కూర్చుంటాడు. మనసులో భారం ఉన్నవాళ్లు ఎవరైనా వచ్చి, మోకాళ్లూని, తమ పాపం ఒప్పుకోవచ్చు. ఆయన తల మీద చెయ్యి పెట్టి, ప్రభువు పేరిట నీకు క్షమాపణ ఉంది అని చెప్తాడు. ఒప్పుకునేవాళ్లు సిగ్గుపడకుండా ఆయన కుర్చీ గోడవైపు తిప్పి ఉంటుంది. అక్కడ విన్నది ఆయన బయట ఎవరికీ చెప్పకూడదు. ఎవరికీ అంటే ఎవరికీ. ఆ చెప్పిన మనిషితో కూడా మళ్లీ ఎత్తకూడదు. రేపు వీధిలో ఎదురుపడితే ఏమీ విననట్టే నమస్కారం పెట్టి, వాన పడేలా ఉందే అనాలి.

చిన్నప్పుడు చర్చిలో మతబోధ ప్రశ్నోత్తరాలు కంఠస్థం చేసినప్పుడు ఇదంతా అందరూ నేర్చుకున్నదే. కానీ వచ్చేవాళ్లు తక్కువ. "అది వేరే సంఘాల వాళ్ల పద్ధతి కదండీ" అని గొణిగేవాళ్లే ఎక్కువ. చర్చి గంట కొట్టే గంటతాతని అయ్యగారు ఒకసారి, "నువ్వైనా రావయ్యా" అని అడిగితే, "నా పాపాలన్నీ చెప్పాలంటే మీకు గంట చాలదండీ, కిటికీలు ఎవరు వేస్తారు మరి" అన్నాడట. వచ్చినా రాకపోయినా అయ్యగారు మెళ్లో ఊదారంగు పట్టీ వేసుకుని ఆ గంటా కూర్చునేవాడు. అమ్మగారు ఫ్లాస్కులో టీ పోసుకుని వెళ్లి గుమ్మం దగ్గర పెట్టి వచ్చేది.

ఒక శనివారం అలా టీ తీసుకెళ్తే తలుపు సరిగ్గా పడలేదు. సందులోంచి ఎవరో మోకాళ్ల మీద ఉండడం కనిపించింది. ఎవరో చూడలేదు, ఏం చెప్తున్నారో వినలేదు. ఆ పాటి మర్యాద ఆవిడకి పుట్టుకతో వచ్చింది, పాస్టరుగారి కూతురు కూడాను. కానీ మొగుణ్ణి పక్కనుంచి చూసింది. కళ్లు మూసుకుని ఉన్నాడు. తల కొంచెం వంచి, చెవి అటు ఒగ్గి, ఊపిరి తీసుకుంటే ఒక మాట జారిపోతుందేమో అన్నట్టు వింటున్నాడు. ఆ మనిషి ఏడుస్తూ ఆగితే తనూ ఆగాడు. తొందరపెట్టలేదు. ఊఁ అనలేదు. అమ్మగారు టీ ఫ్లాస్కు పట్టుకుని అలాగే వెనక్కి వచ్చేసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ చెవి ఆవిడకి ఎప్పుడూ కనిపించలేదు. ఎవరెవరికో ఉన్న చెవి తనకి లేదు. ఆడదానికి మొగుడి మీద రకరకాల అనుమానాలొస్తాయి, అసూయలొస్తాయి. ఈవిడకి ఒక చెక్క కుర్చీ వెనక మోకాళ్లూనిన వాళ్ల మీద వచ్చింది.

ఆ తర్వాతి శనివారం ఆవిడ టీ పెట్టలేదు. మంచి చీర కట్టుకుంది. సంఘంలో మనిషి వెళ్లినట్టే చర్చి ముందు ద్వారం నుంచి లోపలికి వెళ్లింది, బల్లల మధ్యగా నడిచింది, ఆ గదిలోకి వెళ్లి తలుపు వేసి మోకాళ్లూనింది.

"అయ్యగారూ" అంది.

ఏమండీ తప్ప ఇంకో పిలుపు ఎరగని నోరు. ఆయన భుజాలు బిగుసుకున్నాయి. తల సగం తిరగబోయి ఆగింది. ఏమిటీ వేషం, ఇంటికి పద, అనొచ్చు. అనలేదు. చాలాసేపటికి, "చెప్పు సహోదరీ" అన్నాడు గోడతో.

"నేను నా భర్తని ద్వేషిస్తున్నాను" అంది ఆవిడ. "ఆదివారాలు మరీ ఎక్కువ. ఆయన అంగీ ఇస్త్రీ చేస్తున్నప్పుడు, ఇది మాడిపోతే బావుండు అనుకుంటాను. ఆయన పైకెక్కి ప్రసంగం చెప్తుంటే, పడిపోతే బావుండు అనుకుంటాను. నా చెల్లెల్ని ఆయన పుస్తకంలో ఉన్నట్టు పూడ్చాడు. ఎవరో పరాయిదాన్ని పూడ్చినట్టు. ఇల్లంతా బావగారూ బావగారూ అని తిరిగిన పిల్లని, మా మరదలు అనడానికి ఆయనకి నోరు రాలేదు. ఆ రోజు అందరికీ పాస్టరు ఉన్నాడు. నాకు పాస్టరూ లేడు, మొగుడూ లేడు. నా పక్కన ఖాళీ ఉంది. ఆ ఖాళీ వంక చూస్తూ నిలబడ్డాను, గోతి వంక చూడలేదు. నా చెల్లెలు గోతిలోకి దిగడం నేను చూడలేదు, అయ్యగారూ. ఆయన మీద కోపంతో దాన్ని సాగనంపలేదు. అప్పటినుంచి నేను ప్రార్థన చెయ్యడం లేదు. పెదాలు కదుపుతున్నాను."

ఆయన విన్నాడు. తలుపు సందులోంచి చూసినప్పుడు ఎలా ఉన్నాడో అలాగే విన్నాడు. ఆవిడ ఏడుపు ఆగేదాకా ఆగాడు. తర్వాత లేచి, వెనక్కి తిరిగి, ఆవిడ తల మీద చెయ్యి పెట్టాడు. ఎన్నిసార్లో జ్వరం చూడడానికి నుదుటి మీద పెట్టిన చెయ్యే, ఇప్పుడు చాలా బరువుగా ఉంది. క్షమాపణ మాటలు చెప్పాడు. ఆ మాటలు ఆవిడకి చిన్నప్పటినుంచీ తెలుసు. అయినా తనొక్కదానికే ఎవరైనా చెప్పడం అదే మొదటిసారి. సమాధానంతో వెళ్లు, అన్నాడు.

ఆవిడ నిజంగా సమాధానంతోనే, నెమ్మదించిన మనసుతోనే వెళ్లింది. ఇంటికి వచ్చి కిటికీలన్నీ తెరిచింది. రెండు కూరలు వండింది. ఇప్పుడు వస్తాడు, అనుకుంది. వచ్చి, అన్నీ విన్నాడు కదా, ఏదో ఒకటి అంటాడు. తిట్టినా సరే. నన్ను ద్వేషిస్తావా, ఎంత ధైర్యం, అని అరిచినా సరే, అది మొగుడి అరుపు కదా.

ఆయన వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. కూర్చుని తిన్నాడు. "కూర బావుంది" అన్నాడు. "రేపు వాన పడేలా ఉంది" అన్నాడు.

అప్పుడు తెలిసింది ఆవిడకి, తనెంత తెలివితక్కువ పని చేసిందో. పాస్టరుగారి కూతురు, పాస్టరుగారి పెళ్లాం, కట్టుబాటు ఆనుపానులన్నీ తెలిసిన మనిషి, తెలిసి తెలిసి గోతిలో కాలు పెట్టింది. వాళ్ల నాన్న కాలంలో చర్చి రంగు అద్దం ఎవరో రాయి పెట్టి పగలగొట్టారు. ఎవరో వచ్చి ఒప్పుకున్నారని అందరికీ తెలుసు, ఎవరన్నది నాన్నకొక్కడికే తెలుసు. అమ్మ బతికినన్నాళ్లూ అడిగింది. మా ఆయన నోరు బ్యాంకు లాకరర్రా, తాళం పారేశాడు, అని విసుక్కునేది. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల, మొగుడికి చెప్పుకోవాల్సిన ఒకే ఒక్క మాటని తీసుకెళ్లి ఆ లాకర్లో పెట్టి వచ్చింది. ఇక ఆయన బతికుండగా ఆ మాట ఎత్తడు. ఆవిడతో అసలే ఎత్తడు. ఆవిడ పాస్టరు విన్నాడు, ఆవిడ మొగుడు వినలేదు.

ఆ వారమంతా ఆయన నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాడు. పొద్దున లేచిన వేళకే లేచాడు, అడిగిన మాటలే అడిగాడు, ఊఁ అన్న చోటే ఊఁ అన్నాడు. ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. చెప్పకముందు ఎంత ఒంటరిగా ఉందో, చెప్పాక అంతకి రెండింతలైంది ఆవిడకి. ముందైతే ఆయనకి తెలియదులే అన్న ఓదార్పు ఒకటి ఉండేది. ఇప్పుడు అదీ పోయింది.

శనివారం మధ్యాహ్నం ఆయన అంగీ తెచ్చి కుర్చీ వీపు మీద వేశాడు. "రేపటికి ఇస్త్రీ చేసి పెడతావా" అన్నాడు, ఎప్పుడూ అడిగినట్టే.

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇది మాడిపోతే బావుండు అని మోకాళ్ల మీద పడి చెప్పిన మనిషిని, మళ్లీ అదే చెయ్యమంటాడా? మనిషేనా ఈయన? ఏదో అనబోయి ఆయన చేతి వంక చూసింది. ఆ చెయ్యి అంగీని వదలడం లేదు. వేళ్లు బట్టలోకి దిగబడి ఉన్నాయి, గోళ్లు తెల్లబడ్డాయి. ఇవ్వడానికి తెచ్చాడు, ఇవ్వలేకపోతున్నాడు. తీసుకెళ్లి తనే ఇస్త్రీ చేసుకుందామంటే, విన్నది బయట పెట్టినట్టవుతుంది. పోనీ నలిగిన అంగీతోనే వెళ్దామంటే, అదీ బయట పెట్టినట్టే. ఆ పిచ్చి మనిషి వారం రోజులుగా ప్రతి అడుగూ, ప్రతి మాటా, పాతదానిలాగే ఉండాలని కొలుచుకుని నడుస్తున్నాడు. అందుకే వెంట్రుకవాసి తేడా లేదు. మామూలుగా ఉన్న మనిషి అంత మామూలుగా ఉండడు.

"ఇలా ఇవ్వండి" అంది మెల్లిగా, అంగీ లాక్కుంటూ. ఆయన వదిలాడు.

సాయంత్రం పాలు తీసుకుని వస్తుంటే గంటతాత చర్చి గేటు దగ్గర ఆపాడు. "అమ్మగారూ, అయ్యగారికి ఒంట్లో బానే ఉందా?"

"బానే ఉందే. ఏం?"

"ఏం లేదు. నిన్నా మొన్నా కూడా వచ్చి ఆ గదిలో కూర్చున్నారు. ఇవాళంటే శనివారం, సరే. కిటికీలు వేద్దామని వెళ్తే గోడకేసి చూస్తా ఉన్నారు. ఎవరూ రారుగా అయ్యగారూ, పదండి, అన్నాను. వస్తారేమోనయ్యా, అన్నారు." తాత గొంతు తగ్గించాడు. "ఎవరొస్తారమ్మగారూ? శనివారమే ఎవరూ రారు."

అమ్మగారు పాల గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. లోపల ఆ గదిలో దీపం వెలుగుతోంది. వెళ్తే సరిపోతుంది. వెళ్లి మోకాళ్లూనితే ఆ చెవి ఉంటుంది, ఆ చెయ్యి ఉంటుంది. వచ్చే వారం మళ్లీ వెళ్లొచ్చు. ప్రతి శనివారం గంటసేపు ఆయన తనవాడు. మిగతా వారమంతా ఇద్దరూ వాన గురించి మాట్లాడుకోవచ్చు. ఎంతమంది మొగుడూపెళ్లాలకి ఆ గంట కూడా ఉండదు! ఆవిడ గడప దాకా వెళ్లింది కూడా. అక్కడ ఆగింది. అక్కడ చెప్పడం సులువు, ఎందుకంటే అక్కడ క్షమాపణ ఖాయం. ఆయనకి ఇష్టం ఉన్నా లేకపోయినా ఆ మాటలు చెప్పి తీరాలి. ఇంట్లో చెప్తే? ఇంట్లో ఆయన వినకపోవచ్చు. విని లేచి వెళ్లిపోవచ్చు. నన్ను ద్వేషించిన దానివి నువ్వు, అని జీవితాంతం మనసులో పెట్టుకోవచ్చు. ఇంట్లో దేనికీ హామీ లేదు. ఆవిడకి నిజంగా భయం వేసింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు, ఊరికే అనలేదు.

పాలు విరిగిపోతాయని వంక పెట్టుకుని ఇంటికి వచ్చేసింది.

సోమవారం పాస్టర్లకి సెలవు. అంటే ఎవరూ చావకపోతే, ఎవరికీ పెళ్లి సంబంధం కుదరకపోతే సెలవు. పొద్దున్నే ఆయన పాత చొక్కా వేసుకుని వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నాడు. మెడ దగ్గర బొత్తాం ఊడి ఉంది. అమ్మగారు ముందు గదిలోకి వెళ్లి ఫోను తీగ గోడలోంచి ఊడబీకి, ఫోను తీసుకొచ్చి బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది.

ఆయన తెల్లబోయి చూశాడు. "ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే?"

"వీధి చివర డాక్టరున్నాడు. వెళ్తారు."

"ఎవరైనా పోతే?"

"పోయినవాళ్లకి తొందరేం లేదు. కాసేపు ఆగుతారు."

ఇంకో రోజైతే ఆయన లేచి డబ్బా మూత తీసేవాడు. ఇవాళ లేవలేదు. ఆవిడ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇక్కడ గోడవైపు తిప్పిన కుర్చీ లేదు. ఆయన మొహం ఎదురుగా ఉంది, గడ్డం గీసుకోని మొహం, కళ్ల కింద నల్లటి సంచులు. ఈ వారంలో ఎంత చిక్కిపోయాడో ఆవిడ ఇప్పుడే చూసింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల మీద పెట్టుకుంది.

"ఏమండీ, మీతో ఒక సంగతి చెప్పాలి" అంది. "ఇంతకుముందు మీకు చెప్పలేదు."

అబద్ధం. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆయన టీ కప్పు పక్కన పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. అబద్ధానికి దూరంగా ఉండాలని సంఘమంతటికీ చెప్పే మనిషి, ఆవిడ కళ్లలోకి చూశాడు.

"నాకేమీ తెలియదు" అన్నాడు. "మొదటినుంచీ చెప్పు."

ఆవిడ మొదటినుంచీ చెప్పింది. తొందరపడలేదు. ఆ రోజు పొద్దున లేచి చెల్లెలి గదిలోకి వెళ్తే మంచం కింద దాని బూట్లు కనిపించిన సంగతి చెప్పింది. ఏ చీర కట్టుకోవాలో తెలియక, అది ఉంటే చెప్పేది కదా అని పిలవబోయిన సంగతి చెప్పింది. కారులో ఇద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు, ఆయన పుస్తకం తెరిచి పేజీలు చూసుకుంటున్నాడు, తను కిటికీలోంచి చూస్తోంది. శ్మశానం గేటు దగ్గర కారు ఆగింది. "మీరు అటువైపు తలుపు తీసుకుని దిగారు. అంగీ వేసుకోవాలని గబగబా వెళ్లిపోయారు. నేను ఇటు దిగాను. గేటు దగ్గర బురదగా ఉంది. నేను అక్కడ నిలబడి" అంటూ ఆగింది.

ఆయన మొహం చెదిరిపోయింది. పెదవులు బిగించాడు, నిలవలేదు. రెండు చేతుల్లో మొహం దాచుకుని, పెద్ద గొంతుతో, సంఘంలో ఎవరూ ఎన్నడూ వినని గొంతుతో ఏడ్చాడు. బల్ల మీద కప్పు కదిలి టీ ఒలికింది. ఆవిడ లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, ఆయన పక్కన నిలబడింది.

"ఇంకా గోతి దాకా రాలేదండీ" అంది. "ఇంకా గేటు దగ్గరే ఉన్నాం."

"తెలుసు" అన్నాడు ఆయన.